వోటమ్స్ చూడబోయేవారికి: గండమ్ నీడలో ఉండిపోయిన ధారావాహికను చూసే పద్ధతి

జపాన్ యానిమేలో భారీ రోబోల కథ అనగానే చాలామంది నోట మొదట వచ్చే పేరు గండమ్. అది న్యాయమే. 1979 ఏప్రిల్ 7న మొదలై 1980 జనవరి 26న ముగిసిన ఆ తొలి ధారావాహిక, రోబోను అజేయుడైన వీరుడిలా కాక యుద్ధ సామగ్రిగా చూపించి కొత్త ఒరవడికి దారి వేసింది. ఆ ఒరవడిని చివరి అంచు దాకా తీసుకువెళ్ళినది మాత్రం మరొక ధారావాహిక. దాని పేరు ‘ఆర్మర్డ్ ట్రూపర్ వోటమ్స్’. గండమ్‌ను తీసిన నిప్పన్ సన్‌రైజ్ సంస్థే దీన్నీ తీసింది. 1983 ఏప్రిల్ 1 నుంచి 1984 మార్చి 23 వరకు, ప్రతి శుక్రవారం ఒకటి చొప్పున 52 ఎపిసోడ్లుగా ఇది టీవీ టోక్యోలో ప్రసారమైంది. దర్శకుడు ర్యోసుకె తకహాషి. రోబోలకు రూపమిచ్చినవారు గండమ్‌కు రూపమిచ్చిన కునియో ఒకవారానే. పాత్రల బొమ్మలు నొరియో షియోయామావి, సంగీతం హిరోకి ఇనుయిది.

నాకు తెలిసిన యానిమే అభిమానులలో వోటమ్స్ పేరు విన్నవారు తక్కువ, విన్నవారిలోనూ మధ్యలో ఆపేసినవారే ఎక్కువ. నేను కూడా మొదటిసారి 28వ ఎపిసోడ్ దగ్గర ఆగిపోయి, ఏడాది గడిచాక మళ్ళీ మొదటి నుంచి చూసి పూర్తి చేశాను. రెండోసారి చూస్తున్నప్పుడు తెలిసింది ఏమిటంటే, లోపం ధారావాహికలో లేదు, నేను దాన్ని చూసిన పద్ధతిలో ఉంది. గండమ్‌లో దొరికినదే ఇక్కడా దొరుకుతుందని వెతుకుతూ కూర్చున్నాను. ఆ పొరపాటు మరొకరు చేయకుండా, ఈ 52 ఎపిసోడ్లనూ వాటి తరువాత వచ్చిన వాటినీ ఏ క్రమంలో, ఏ వేగంతో, దేని మీద దృష్టి పెట్టి చూడాలో వివరంగా చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా, ఇది ఎందుకు వెనుకబడిందో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ కారణాలలోనే దీని స్వభావం కనిపిస్తుంది. తొలి గండమ్ కూడా ప్రసార సమయంలో విజయం సాధించలేదు. 52 ఎపిసోడ్లు అనుకున్నదాన్ని 43కు కుదించి ముగించారు. పునఃప్రసారాలు, 1980 జులైలో బండాయ్ సంస్థ విడుదల చేసిన ప్లాస్టిక్ నమూనాలు, 1981, 1982లలో ఆ కథనే కూర్చి విడుదల చేసిన మూడు సినిమాలు దాన్ని నిలబెట్టాయి. ఆ తరువాత గండమ్ అనేది ఒక కథ పేరుగా మిగలలేదు. కొత్త కాలం, కొత్త కథానాయకుడు, కొత్త యంత్రం పెట్టుకొని ఎన్నిసార్లయినా తిరిగి మొదలుపెట్టగల చట్రంగా మారింది. ఏ తరం పిల్లవాడికైనా తన తరం గండమ్ ఒకటి ఉంటుంది. వోటమ్స్‌కు ఆ సౌకర్యం లేదు. అది కిరికో క్యూబీ అనే ఒక్క మనిషి కథ. అతనిని పక్కన పెట్టి తీసినవి లేకపోలేదు కానీ, అభిమానులు ఎప్పుడూ అతని కోసమే ఎదురుచూశారు. పైగా దాని యంత్రానికి ముఖం లేదు, కిరీటం లేదు, ప్రకాశవంతమైన రంగులు లేవు. పసిపిల్లవాడు దుకాణంలో చూసి అది కావాలని మారాం చేసే వస్తువు కాదది. తకారా సంస్థ దాని నమూనాలను అమ్మింది, అవి పెద్దవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి.

ఇక చూసే ముందు మనసులో సరిచేసుకోవలసిన మొదటి విషయం, కొలత. గండమ్ ఎత్తు 18 మీటర్లు, అంటే దాదాపు ఆరంతస్తుల భవనం. వోటమ్స్‌లోని ముఖ్య యంత్రం స్కోప్‌డాగ్ ఎత్తు 4 మీటర్లకు కొంచెం తక్కువ. మన ఊళ్ళో ఒక అంతస్తు డాబా పిట్టగోడతో కలిపి ఎంత ఎత్తుంటుందో అంతే. దాని బరువు ఆరు టన్నులు దాటుతుంది. ఈ కొలత వల్ల కథ అంతా మారిపోతుంది. 18 మీటర్ల యంత్రం నుంచి చూస్తే మనుషులు చుక్కలుగా కనిపిస్తారు. 4 మీటర్ల యంత్రం సందులో నడుస్తుంది, తలుపు పగలగొట్టి లోపలికి వస్తుంది, దాని పక్కన నిలబడిన మనిషి చేయి చాచి దాని మోకాలిని తాకగలడు. అందువల్ల ప్రతి పోరాటంలోనూ నేల, గోడ, బురద, మెట్లు లెక్కలోకి వస్తాయి. చూస్తున్నప్పుడు యంత్రం ఎంత బలమైనదని కాక, అది ఎక్కడ నిలబడి ఉందో గమనించండి. ఈ ఒక్క అలవాటుతో సగం ఆనందం దక్కుతుంది.

రెండవది, స్కోప్‌డాగ్ కథానాయకుడి సొత్తు కాదు. గండమ్ లోకంలో ఆ తెల్లని యంత్రం ఒక్కటే, దానికి ఒక పేరు, ఒక చరిత్ర, దాన్ని నడపడానికి పుట్టినట్టున్న ఒక పిల్లవాడు. స్కోప్‌డాగ్ మాత్రం లెక్కలేనన్ని తయారై, లెక్కలేనన్ని కాలిపోయే సరుకు. కిరికో ఒకదాన్ని పాడుచేసుకుంటే పాత ఇనుము కుప్పలోంచి విడిభాగాలు ఏరి ఇంకొకటి బిగించుకుంటాడు. శత్రువుదీ అదే నమూనా కావచ్చు. వోటమ్స్ అనే మాట, నిటారుగా నిలిచే ఒంటరి మనిషి ట్యాంకు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పదాల మొదటి అక్షరాల కూర్పు. జపనీస్ ఉచ్చారణలో అది అట్టడుగు అనే అర్థమున్న ఇంగ్లీషు మాటలాగే వినిపిస్తుంది. దాన్ని నడిపే సైనికులను కథలో అట్టడుగు మనుషులనే పిలుస్తారు, జపాన్ అభిమానులు తమను తాము అదే మాటతో ప్రేమగా పిలుచుకుంటారు.

ఈ యంత్రం పనితీరు ముందే కొంత తెలిస్తే పోరాటాలు స్పష్టంగా అర్థమవుతాయి కనుక, ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను. స్కోప్‌డాగ్ కండరాలు పాలిమర్ రింగర్ అనే ద్రవంతో పనిచేస్తాయి. ఆ ద్రవం త్వరగా అంటుకొనే గుణం కలది, అది వాడుకతో పాడైపోతుంది కూడా. అందుకే ఈ కథలో యంత్రాలు అంత సులభంగా మంటల్లో పేలిపోతాయి. కవచం పలుచన, కాబట్టి లోపల కూర్చున్నవాడికి రక్షణ చాలా తక్కువ. తలభాగంలో గుండ్రంగా తిరిగే బిళ్ళ మీద మూడు కటకాలు ఉంటాయి. దూరాన్నీ అవసరాన్నీ బట్టి అవి తిరిగి స్థానం మార్చుకుంటాయి. ఆ తిరుగుడు శబ్దం, లోపలి మనిషి ఏదో గమనించాడనడానికి గుర్తు. అతను చూసేది కిటికీలోంచి కాదు, యంత్రానికి తీగతో కలిపిన కళ్ళద్దాలలోంచి. పాదాల కింద చక్రాలు ఉంటాయి, వాటితో నేల మీద జారుతూ పరిగెత్తుతుంది. హఠాత్తుగా మళ్ళవలసినప్పుడు పాదం పక్కనుంచి ఒక మేకును నేలలోకి దించి, దాని చుట్టూ గిరుక్కున తిరుగుతుంది. పిడికిలి వెనుక తూటా పేల్చి, ఆ బలంతో గుద్దుతుంది. గుద్దిన ప్రతిసారీ ముంజేతిలోంచి ఖాళీ తూటా గొట్టం ఎగిరి పడుతుంది. పోరాటానికి ముందే కదలికలను ఒక బిళ్ళలో నమోదు చేసి యంత్రంలో పెట్టే ఏర్పాటు కూడా ఉంది. కిరికో ప్రతిభ చాలావరకు ఈ తయారీలోనే ఉంటుంది, మంత్రశక్తిలో కాదు. మనిషి ఎక్కడానికీ దిగడానికీ యంత్రం కాళ్ళు వెనక్కి మడిచి కూలబడే భంగిమ ఒకటుంది; దాన్ని ఒకసారి చూసినవారు మరిచిపోరు.

చూడటానికి కావలసిన ఏర్పాట్ల గురించి కొద్దిగా. టీవీ ధారావాహికను జపనీస్ మాటలతో, ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళతో చూడవలసి ఉంటుంది. ఇందులో సంభాషణలు తక్కువ, మౌనం ఎక్కువ కనుక చదవడం భారం కాదు. పేర్ల విషయంలో తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. సబ్‌టైటిళ్ళలో కథానాయకుడి పేరును చిరికో అని చదవాలనిపించేలా రాస్తారు, చెవికి మాత్రం కిరికో అనే వినిపిస్తుంది. మన భాషలో లాగే జపనీస్‌లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, ఇంగ్లీషు అక్షరాలను పక్కన పెట్టి విన్నది విన్నట్టు తెలుగులో రాసుకోండి: కిరికో, ఫియానా, గోటో, కొకోనా, రొచ్చినా. మొదటి నాలుగైదు ఎపిసోడ్లకు పక్కన ఒక కాగితం పెట్టుకొని ఇలా రాసుకుంటే, గ్రహాల పేర్లూ సైన్యాల పేర్లూ కలగాపులగం కాకుండా ఉంటాయి.

చిత్రం పాత టీవీ కొలతలో, నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉంటుంది. ఇప్పటి వెడల్పు టీవీలు దాన్ని అడ్డంగా సాగదీస్తాయి, అప్పుడు షియోయామా గీసిన పొడవాటి, ఎండిపోయిన ముఖాలన్నీ ఉబ్బినట్టు కనిపిస్తాయి. అమరికలలోకి వెళ్ళి అసలు నిష్పత్తికి మార్చండి, అటూ ఇటూ నల్లని పట్టీలు ఉండనివ్వండి. కదలికను నున్నగా చేసే అమరిక ఉంటే దాన్నీ ఆపివేయండి, చేతితో గీసిన బొమ్మలకు అది హాని చేస్తుంది. అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా డిస్కులు తెప్పించుకోవాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్లూరేలకు అమెరికా, జపాన్ ఒక ప్రాంతంగా, భారతదేశం మరొక ప్రాంతంగా విభజించి ఉన్నాయి. డీవీడీలలో అమెరికా 1, జపాన్ 2, భారతదేశం 5. కాబట్టి కొనే ముందు డిస్కు మీది ప్రాంత సంకేతాన్నీ, ఇంట్లో ఉన్న ప్లేయర్‌నూ సరిచూసుకోవాలి.

పిల్లలతో కలిసి చూడదగినది కాదు. మొదటి ఎపిసోడ్‌లోనే నగ్నంగా ఉన్న ఒక స్త్రీ, ఆ వెంటనే చిత్రహింస కనిపిస్తాయి. పదిహేనేళ్ళు దాటినవారికైతే అభ్యంతరం లేదని నా అభిప్రాయం.

ఇక కథలోకి. ఆస్ట్రాగియస్ అనే నక్షత్రవీధిని గిల్గమేష్, బలరాంట్ అనే రెండు కూటములు పంచుకొని నూరేళ్ళుగా యుద్ధం చేస్తున్నాయి. ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. ఆ యుద్ధం ఆగిపోయే సమయానికి కథ మొదలవుతుంది. మొదటి ఎపిసోడ్ పేరు కూడా యుద్ధాంతమనే అర్థం ఇచ్చేదే. పద్దెనిమిదేళ్ళ సైనికుడు కిరికోను ఒక రహస్య దాడికి పంపుతారు. దాడి చేస్తున్నది తమ పక్షపు స్థావరం మీదేనని అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది. అక్కడ ఒక పెట్టెలో తల మీద వెంట్రుకలైనా లేని ఒక స్త్రీని చూస్తాడు. చూడకూడనిది చూసినందుకు సొంత సైన్యమే అతన్ని పట్టుకొని హింసిస్తుంది. అతను తప్పించుకొని పారిపోతాడు. కథలో పారిపోవడం ఇక ఎప్పటికీ ఆగదు. ఇంతకుమించి ముందే తెలుసుకోవద్దు. ముఖ్యంగా పాత్రల పేర్లను ఇంటర్నెట్‌లో వెతకవద్దు, మొదటి వాక్యంలోనే ముగింపు చెప్పేసేవి చాలా ఉన్నాయి.

52 ఎపిసోడ్లు నాలుగు దశలుగా ఉంటాయి, ప్రతి దశకు ఒక వేరే చోటు. 1 నుంచి 13 వరకు ఉడో నగరం, 14 నుంచి 27 వరకు కుమెన్ అడవులు, 28 నుంచి 40 వరకు సన్సా గ్రహం, 41 నుంచి 52 వరకు క్వెంట్ గ్రహం. ఈ నాలుగింటినీ ఒకే వేగంతో చూడటమే చాలామంది చేసే తప్పు.

ఉడోను రోజుకు రెండు చొప్పున వారం రోజుల్లో చూడవచ్చు. యుద్ధం అయిపోయాక సైనికులు ఏమవుతారన్న ప్రశ్నకు ఈ దశ సమాధానం. వాన, చీకటి, శిథిలాలు నిండిన ఆ నగరంలో పోలీసులూ ముఠాలూ ఒకటే. రెండవ ఎపిసోడ్‌లోనే కిరికో మనుషులను పట్టుకొని గనుల్లో పని చేయించే ముఠా చేతిలో పడతాడు. అక్కడే ఆయుధాలు అమ్ముకొనే గోటో, మాజీ సైనికుడు వనిల్లా, వీధుల్లో పెరిగిన కొకోనా పరిచయమవుతారు. ముగ్గురూ మొదట స్వార్థం కోసమే అతని చుట్టూ చేరతారు. వారి స్వార్థం ఏ ఎపిసోడ్‌లో, ఏ చిన్న పనితో స్నేహంగా మారిందో గమనిస్తూ వెళ్ళండి. తకహాషి దాన్ని ఎక్కడా ప్రకటించరు. ‘బ్యాట్లింగ్’ అనే పందెపు పోటీలు కూడా ఇక్కడే మొదలవుతాయి. యుద్ధం కోసం చేసిన యంత్రాలనే, యుద్ధం కోసం తయారైన మనుషులనే గోదాలోకి దించి జనం పందాలు కాస్తారు. ఈ ఒక్క ఆలోచన యుద్ధానంతర సమాజం గురించి ఎంత చెబుతుందో ఆలోచించండి.

ప్రతి ఎపిసోడ్ చివర రాబోయే భాగం గురించి చెప్పే మాటలను దాటవేయవద్దు. వాటిని బాంజో గింగా అనే నటుడు గంభీరమైన గొంతుతో చదువుతారు. కిరికోను వెంటాడే గూఢచారి అధికారి రొచ్చినా గొంతు కూడా ఆయనదే. కథను మనకు వివరిస్తున్నదీ, అతన్ని వెంటాడుతున్నదీ ఒకే గొంతు కావడం మీద మనసు పెట్టండి. మొదటి ఎపిసోడ్ చివర ఆ గొంతు, వచ్చే వారం కూడా మీరు కిరికోతో కలిసి నరకానికి రావలసిందేనని చెబుతుంది. ఉడోలో కిరికో తాగే కాఫీ చేదుగా ఉంటుందని ఇంకొక వారం చెబుతుంది. జపాన్‌లో ఈ ముందుమాటలను కంఠస్థం చేసినవారు ఉన్నారు. మన పద్యాల లాగా వాటికి ఒక నడక ఉంది, అర్థం తెలిశాక కూడా మళ్ళీ వినాలనిపిస్తుంది.

కుమెన్ నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ. ఇక్కడ వేగం తగ్గించవలసిన పని లేదు, మనసు ఆగనంతసేపు చూడవచ్చు. ఉక్కపోత, చిత్తడి నేలలు, నదిలో పడవల మీద తేలివచ్చే యంత్రాలు; ఇండోచైనా యుద్ధపు జ్ఞాపకం ప్రతి దృశ్యంలోనూ కనిపిస్తుంది. నాగరికత పేరుతో దేశాన్ని మారుస్తున్న ప్రభుత్వం ఒకవైపు, దానికి ఎదురుతిరిగిన రాకుమారుడు కంజెల్మన్ మరొకవైపు. కిరికో ప్రభుత్వం పక్షాన కూలి సైనికుడుగా చేరతాడు. అతనికి ఆ దేశం గురించి ఏ అభిప్రాయమూ లేదు, జీతం కోసం చేరాడు. పక్కనే ఉన్న పొటారియాకు మాత్రం అది సొంత నేల. ఒకప్పుడు తాను సేవించిన రాకుమారుడి మీదే ఆయుధం ఎత్తవలసిన స్థితి అతనిది. వీరిద్దరినీ ఒకే చట్రంలో చూపించిన ప్రతిసారీ, ఒకరి ముఖంలో ఉన్నది మరొకరి ముఖంలో ఎందుకు లేదో చూడండి. తన మనుషులను చావుకు పంపి గౌరవం సంపాదించుకోవాలనుకొనే కాన్ యూ అనే అధికారి, క్వెంట్ గ్రహం నుంచి వచ్చిన భారీకాయుడు షాకో కూడా ఇక్కడే వస్తారు. షాకోను గుర్తుపెట్టుకోండి.

మొదటి దశలో పెట్టెలో కనిపించిన స్త్రీ ఫియానా. ఆమె యుద్ధం కోసం తయారు చేసిన మనిషి. కథలో అలాంటివారిని సంపూర్ణ సైనికులంటారు. సైన్యం ఆమెను సైనికురాలిగా చేసింది, కిరికోను చూశాక ఆమె మనిషి కావాలనుకుంది. చిన్నప్పటి నుంచి యుద్ధం తప్ప మరేదీ ఎరుగని కిరికో కూడా ఆ మాటకు వస్తే తయారైన సైనికుడే. వోటమ్స్‌ను ప్రేమకథగా చూడమని నేను గట్టిగా చెబుతాను. రోబో కథగా చూసి నిరాశపడినవారిలో ఎక్కువమంది ఈ దారాన్ని వదిలేసినవారే. అతను మాట్లాడడు, ముఖం మీద చిరునవ్వు అరుదు. మనసులోని మాట అతని స్వగతంలోనే వినిపిస్తుంది. ఆ స్వగతం జరుగుతున్నదాని గురించి చెబుతోందా, ఎప్పుడో జరిగిపోయినదాన్ని తలచుకుంటోందా అన్నది వింటూ ఉండండి.

28వ ఎపిసోడ్ దగ్గర మెట్టు ఉంది. అక్కడ కథ ఒక్కసారిగా అడవి నుంచి అంతరిక్షంలోకి, జనసమూహం నుంచి ఇద్దరే ఉన్న ఒక వింత నౌకలోకి వెళుతుంది. గోటో, వనిల్లా, కొకోనా వెంటనే కనిపించరు. కొన్ని ఎపిసోడ్ల పాటు గడిచిపోయిన దృశ్యాలు మళ్ళీ వస్తాయి. నేను ఆగిపోయింది ఇక్కడే, ఆపేశామని చెప్పిన మిత్రులందరూ ఆగింది కూడా ఇక్కడే. ఈ చోట చేయవలసిన పని, 27 తరువాత మూడు నాలుగు రోజులు విరామం తీసుకోవడం, తరువాత రోజుకు ఒక్కటి మాత్రమే చూడడం. పాత దృశ్యాలు వస్తున్నప్పుడు ముందుకు జరపవద్దు. ఆ నౌక కిరికోకు అతని గతాన్ని బలవంతంగా చూపిస్తోంది. అతనితో పాటు మనమూ కూర్చోవలసి రావడమే ఆ ఎపిసోడ్ల ఉద్దేశం. ఎర్రని భుజం గుర్తుతో ‘రెడ్ షోల్డర్’ అని పేరుపడ్డ ఒక సైనిక దళం గురించి పదవ ఎపిసోడ్‌లో విన్నారు కదా. ఆ దళం సన్సా గ్రహం మీద ఏమి చేసిందో, అందులో కిరికో ఎవరో ఇక్కడ తెలుస్తుంది. ఆ తరువాత అదే గ్రహం మీద దిగి, బూడిదగా మారిన నేల మీద, ఆ దళం చేతిలో తనవారిని పోగొట్టుకున్న ఒక స్త్రీకి ఎదురుపడతాడు. కథానాయకుడు చేసిన పాపం కథానాయకుడికే అడ్డం వచ్చి నిలబడడం, ఆ కాలపు రోబో కథలలో ఎంత అరుదో చెప్పనవసరం లేదు.

క్వెంట్ గురించి ఎక్కువ చెప్పను. అప్పటిదాకా యుద్ధకథగా ఉన్నది అక్కడ వేరొక స్థాయికి వెళుతుంది. కిరికో ఎందుకు చావడం లేదు, అతన్ని ఇన్ని శక్తులు ఎందుకు వెంటాడుతున్నాయి అన్న ప్రశ్నలు అక్కడ తేలతాయి. చివరి నాలుగు ఎపిసోడ్లను ఒకే కూర్చోవడంలో చూడండి, మరుసటి రోజు తెల్లవారే లేవవలసిన పని లేని రాత్రి అయితే ఇంకా మంచిది.

టీవీ ధారావాహిక పూర్తయ్యాక వచ్చే ప్రశ్న, మిగిలినవి ఏ క్రమంలో చూడాలని. కథాకాలం ప్రకారం పేర్చిన జాబితాలు చాలా కనిపిస్తాయి. కొత్తవారు వాటిని అనుసరించవద్దు. ఉదాహరణకు 2007, 2008లలో 12 భాగాలుగా వచ్చిన ‘పైల్సెన్ ఫైల్స్’ కథ టీవీ ధారావాహిక కంటే ముందు జరుగుతుంది. దాన్ని ముందుగా చూస్తే, 52 ఎపిసోడ్ల పాటు తకహాషి ఓపికగా దాచిన రహస్యం మొదట్లోనే తెలిసిపోతుంది. కాబట్టి విడుదలైన క్రమమే సరైన క్రమం.

టీవీ ధారావాహిక తరువాత కనీసం పది రోజులు ఆగి, 1985లో వచ్చిన ‘ది లాస్ట్ రెడ్ షోల్డర్’ చూడండి. అది ఉడోకూ కుమెన్‌కూ మధ్య జరిగే కథ. మాజీ దళ సభ్యులు తమ పాత అధిపతి మీద పగ తీర్చుకోవడానికి కలవడం దాని ఇతివృత్తం. గంటలోపు ముగుస్తుంది, యంత్రాల పోరాటం ఇందులో ఉన్నంత బిగువుగా టీవీ ఎపిసోడ్లలో కూడా లేదు. 1986 నాటి ‘బిగ్ బ్యాటిల్’ తేలికైనది, పాత మిత్రులందరినీ మళ్ళీ ఒకచోట చూసే ఆనందం కోసం చూడవచ్చు. 1988లో వచ్చిన ‘రెడ్ షోల్డర్ డాక్యుమెంట్’ రెడ్ షోల్డర్ దళంలో కిరికో తొలి రోజుల కథ. వీటి తరువాత, 1988, 1989లలో 12 భాగాలుగా వచ్చిన ‘ఆర్మర్ హంటర్ మెల్లోలింక్’ తప్పక చూడండి. దర్శకుడు తకెయుకి కండా. కిరికో ఇందులో కథానాయకుడు కాడు. తన దళాన్ని బలిచేసిన అధికారులను ఒక్కొక్కరినీ వెతికి వేటాడే సైనికుడి కథ ఇది. అతని దగ్గర రోబో ఉండదు, యంత్రాలను కూల్చే పాతకాలపు పొడవాటి తుపాకీ ఒక్కటే ఉంటుంది. 4 మీటర్ల యంత్రం ముందు మనిషి నిలబడితే ఎలా ఉంటుందన్న మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి సమాధానం నేను చూడలేదు. ఈ మొత్తం వరుసలో ఒక్కటే చూడగలమనేవారు దీన్ని చూడండి. టీవీ ధారావాహిక తెలియకపోయినా అర్థమవుతుంది.

1994 నాటి ‘షైనింగ్ హెరెసీ’ దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాలి. ఐదు భాగాల ఈ కథ టీవీ ముగింపుకు 32 ఏళ్ళ తరువాత మొదలవుతుంది. టీవీ ధారావాహిక ముగింపు సంపూర్ణంగా ఉందని నేను నమ్ముతాను. ఆ ముగింపుతో తృప్తిపడి, దాన్ని అలాగే ఉంచుకోదలచినవారు ఇక్కడ ఆగిపోవడంలో తప్పు లేదు. ముందుకు వెళ్ళేవారు బాధకు సిద్ధపడి వెళ్ళాలి. ఆ బాధను తకహాషి తేలికగా కలిగించలేదని మాత్రం చెప్పగలను. తరువాత ‘పైల్సెన్ ఫైల్స్’ వస్తుంది. అందులో యంత్రాలను కంప్యూటర్‌తో తీశారు, అందువల్ల మొదట పరాయిగా అనిపిస్తుంది. అయితే మొదటి ఎపిసోడ్‌లో నది దాటే దాడిలో వందల స్కోప్‌డాగ్‌లు కూలిపోవడం చూశాక, చేతితో గీసి అది సాధ్యమయ్యేది కాదని ఒప్పుకోక తప్పదు. 2010లో ఆరు భాగాలుగా వచ్చిన ‘ఫాంటమ్ ఆర్క్’, 2011లో వచ్చిన ‘అలోన్ అగైన్’ కిరికో కథను వయసు మళ్ళిన స్నేహితుల వైపు నుంచి చూపిస్తాయి. 2010లోనే వచ్చిన ‘కేస్ ఇర్వైన్’, ‘వోటమ్స్ ఫైండర్’లలో కిరికో ఉండడు, వాటిని తీరిక ఉన్నప్పుడు చూడవచ్చు.

గండమ్ ఇంకా చూడనివారు ముందుగా దేన్ని చూడాలని అడుగుతారు. వీలుంటే తొలి గండమ్ 43 ఎపిసోడ్లు ముందుగా చూడండి. ఒకవారా ఒకే చేతితో నాలుగేళ్ళలో ఎంత దూరం వెళ్ళారో అప్పుడే తెలుస్తుంది. ఆ మధ్యకాలంలో, 1981 నుంచి 1983 వరకు తకహాషి తీసిన 75 ఎపిసోడ్ల ‘డౌగ్రామ్’ కూడా ఉంది. రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవారు దాన్ని తరువాతి ఏడాదికి దాచుకోండి.

నమూనాలు కట్టే అలవాటు ఉన్నవారికి ఒక్క మాట. స్కోప్‌డాగ్‌ను 1/35 కొలతలో ఎంచుకోండి. సైనిక ట్యాంకుల నమూనాలు సాధారణంగా వచ్చే కొలత అదే. కట్టి నిలబెడితే 11 సెంటీమీటర్లలోపు ఉంటుంది. గీతలు, తుప్పు, బురద ఎంత ఎక్కువ వేస్తే అంత నిజంగా కనిపించే యంత్రం కనుక, రంగు వేయడంలో చేయి తిరగనివారు కూడా ధైర్యంగా మొదలుపెట్టవచ్చు. నిజమైన కొలతలో చూడాలంటే జపాన్ వెళ్ళాలి. టోక్యో శివారులోని ఇనాగి ఒకవారా సొంత ఊరు; గండమ్ విగ్రహం ఉన్న ఆ నగరంలోనే అసలు ఎత్తు స్కోప్‌డాగ్ విగ్రహం కూడా ఉంది.

చివరగా చేయవలసిన పని ఒకటుంది. 52వ ఎపిసోడ్ పూర్తయిన కొన్ని రోజులకు మొదటి ఎపిసోడ్‌ను మళ్ళీ ఒకసారి పెట్టండి. కిరికో ఆ పెట్టె మూత తెరిచే దృశ్యం దగ్గర, ఆమె కళ్ళు తెరిచి అతన్ని చూసే క్షణంలో, ఇద్దరి ముఖాలనూ జాగ్రత్తగా చూడండి. మొదటిసారి చూసినప్పుడు అది భయమనుకున్నాను.